ఊరంతా ఇల్లరికమే

న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నుంచి కారులో అరగంట వెళితే విక్టర్ అనే చిన్న ఊరు వస్తుంది. ఆ ఊరి పక్కన గుట్ట మీద గనొండగాన్ అనే చోట, సెనెకా అనే స్థానిక అమెరికన్ జాతివాళ్ళ ఇల్లు పదిహేడో శతాబ్దంలో ఎలా ఉండేదో అలాగే మళ్ళీ కట్టి నిలబెట్టారు. పోయిన ఏడాది మా అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు, నయాగరా చూపించడం అయిపోయాక ఇంకేం చూపించాలో తోచక, ఒక ఆదివారం అక్కడికి తీసుకువెళ్ళాను. లోపల మసక వెలుతురు. నడిమధ్యన వరసగా పొయ్యిలు, వాటికి అటూ ఇటూ అరుగుల్లాంటి పొడవాటి బల్లలు, పైన కప్పు నుంచి జడలల్లి వేలాడదీసిన మొక్కజొన్న కండెలు. ఒక్కొక్క పొయ్యిని ఎదురెదురుగా ఉండే రెండు కుటుంబాలు పంచుకునేవనీ, కుటుంబం పెరిగితే ఇంటి కొస గోడ విప్పి మరో పొయ్యి పట్టేంత మేర పొడిగించేవారనీ, కొన్ని ఇళ్ళు రెండు వందల అడుగులు దాటేవనీ గైడ్ చెప్పుకుపోతూ ఉంటే నేను తెలుగులో అందిస్తున్నాను. అంతా విన్న అమ్మ ఒక్కటే ప్రశ్న వేసింది. "ఈ ఇల్లు ఎవరి పేరున ఉండేదో అడుగు."

ఇల్లు ఆడవాళ్ళదే అని జవాబు వచ్చింది. పొలమూ, పంటా, విత్తనాలూ కూడా వాళ్ళవే. పెళ్ళయిన మగవాడు భార్య ఇంటికి వచ్చి, ఆమె తల్లి, అమ్మమ్మ, అక్కచెల్లెళ్ళ మధ్య కాపురం ఉండేవాడు. అతని తీరు ఆ ఇంటి పెద్దామెకు నచ్చకపోతే అతని దుప్పటీ సామానూ గుమ్మం బయటికి వచ్చేవి, అతను తన తల్లి ఇంటికి దారి పట్టవలసి వచ్చేది. అమ్మ కాసేపు ఆలోచించి, "అయితే ఊరంతా ఇల్లరికమేనన్నమాట" అంది. మరో నాలుగడుగులు వేశాక, ఒకే కప్పు కింద అక్కచెల్లెళ్ళే ఉంటారు కనుక ఇక్కడ తోడికోడళ్ళ పోరు ఉండదనీ, ఉంటే గింటే తోడల్లుళ్ళ పోరే ఉంటుందనీ తేల్చింది. మాతృవంశ వ్యవస్థ గురించి నేను చదివిన పుస్తకాలలో ఇంత సూటి వ్యాఖ్య నాకు కనబడలేదు.

ఇల్లరికం అనే మాటను మనం ఎంత చులకనగా పలుకుతామో అందరికీ తెలిసిందే. గతిలేక వెళ్ళినవాడనో, ఆస్తికి ఆశపడ్డాడనో ఆ మాటలోనే ఒక ఎత్తిపొడుపు ఉంటుంది. ఇక్కడ మాత్రం అది ఒకరిద్దరి పరిస్థితి కాదు, మొత్తం సమాజాన్ని మోసే దూలం. ఈ వ్యాసంలో నేను వాదించదలచుకున్నది కూడా దీని గురించే. సెనెకాలతో సహా ఆరు జాతుల సమాఖ్య అయిన హోదెనోషోనీల పూసల పనిని, బుట్టలను, గుల్లపూసలతో అల్లిన వాంపమ్ పట్టీలను మ్యూజియంలో అద్దం వెనక చూసి, బాగున్నాయని ఫోటో తీసుకుని వచ్చేస్తే మనం సగం కూడా చూసినట్టు కాదు. ఆ పని తల్లి ఇంట్లో పుట్టి, తల్లి వైపు చుట్టరికం మోసే బాధ్యతగా నడిచింది కనుకనే, ఆ ఇంటిని విడగొట్టడానికి రెండు దేశాల ప్రభుత్వాలు తరాల తరబడి చేసిన ప్రయత్నాలను దాటి వచ్చింది.

హోదెనోషోనీ అంటే పొడవింటి మనుషులు అని అర్థం. ఫ్రెంచివాళ్ళు పెట్టిన ఇరక్వాయ్ అనే పేరే పాఠ్యపుస్తకాలలో ఎక్కువగా కనబడుతుంది, కానీ అది వాళ్ళు తమకు తాము పెట్టుకున్న పేరు కాదు. మోహాక్, ఒనైడా, ఆనన్‌డాగా, కయూగా, సెనెకా అనే ఐదు జాతులు యూరోపియన్లు ఈ ప్రాంతంలో అడుగుపెట్టకముందే తమలో తాము కొట్టుకోవడం మాని ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. 1722 ప్రాంతంలో దక్షిణం నుంచి తరలివచ్చిన టస్కరోరాలు ఆరో జాతిగా చేరారు. ఆ సమాఖ్యను వాళ్ళు ఒక ఇంటిగానే ఊహించుకున్నారు. తూర్పు గుమ్మం మోహాక్‌ల కాపలా, పడమటి గుమ్మం సెనెకాలది, నడిమి పొయ్యిని ఆరిపోకుండా చూసేది ఆనన్‌డాగాలు. వీళ్ళందరూ గతించిన జనమనే భ్రమ మనలో చాలామందికి ఉంది. సిరక్యూజ్‌కు దక్షిణాన ఆనన్‌డాగా ఉంది, బఫెలోకు దగ్గరలో కాటరాగస్, టోనవాండా ఉన్నాయి, మాంట్రియల్ నుంచి నది దాటితే కానవాగే ఉంది, బ్రాంట్‌ఫర్డ్ దగ్గర గ్రాండ్ రివర్ ఉంది. తెలుగు కుటుంబాలు ఇళ్ళు కొనుక్కుని స్థిరపడిన పట్టణాలకు ఇవన్నీ కూతవేటు దూరంలో ఉన్న ఊళ్ళే.

మనకూ వాళ్ళకూ ఒక విచిత్రమైన సంబంధం కాగితం మీద ఉంది. రోచెస్టర్‌లో లూయీస్ హెన్రీ మోర్గన్ అనే న్యాయవాది ఉండేవాడు. 1844లో ఆల్బనీలోని ఒక పుస్తకాల దుకాణంలో అతనికి ఈలీ పార్కర్ అనే సెనెకా యువకుడు తారసపడ్డాడు. ఆ స్నేహం మీదుగా మోర్గన్ పార్కర్ కుటుంబానికి దగ్గరై, సెనెకాల జీవితం గురించి 1851లో పెద్ద గ్రంథం వెలువరించాడు. సెనెకాలు చుట్టాలను పిలుచుకునే తీరు అతనికి అంతుపట్టలేదు. వాళ్ళలో తల్లి అక్కచెల్లెలు కూడా తల్లే, ఆమెనూ నో-యెహ్ అనే అంటారు. తండ్రి అన్నదమ్ముడూ తండ్రే. కానీ మేనమామకు వేరే మాట ఉంది, మేనత్తకు వేరే మాట ఉంది. అన్నకొక మాట, తమ్ముడికొక మాట. ఇలాంటి పద్ధతి ఇంకెక్కడైనా ఉందా అని అతను ప్రశ్నావళులు అచ్చు వేయించి ప్రపంచం నలుమూలలకూ పంపాడు. దక్షిణ భారతంలోని అమెరికన్ మిషనరీల ద్వారా తమిళ, తెలుగు వరసలు అతనికి చేరాయి. సెనెకా పట్టిక పక్కన తమిళ పట్టిక పెట్టి చూసేసరికి అతను నిర్ఘాంతపోయాడు. 1871లో స్మిత్‌సోనియన్ సంస్థ అచ్చు వేసిన అతని బృహద్గ్రంథంలో మన పెద్దమ్మ, చిన్నమ్మ, మేనమామ వరసలు సెనెకా వరసలతో ఒకే సంపుటంలో ఉన్నాయి.

దీని నుంచి మోర్గన్ తీసిన తీర్పు మాత్రం తప్పు. వరసలు కలిశాయి కనుక ఈ జనం ఆసియా నుంచే వచ్చారనడానికి అదే రుజువని అతను వాదించాడు. కొలంబస్ పొరపాటున ఇండియన్లని పేరు పెడితే, మోర్గన్ ఆ పొరపాటుకు శాస్త్రం ముద్ర వేయబోయాడు. తర్వాతి పరిశోధకులు ఆ వాదాన్ని పక్కన పెట్టారు. పోలిక రక్తంలో లేదు, లెక్కలో ఉంది. తల్లి తోబుట్టువులలో ఆడవాళ్ళను తల్లి గాట, మగవాళ్ళను వేరే గాట కట్టే లెక్క ఒకదానితో ఒకటి సంబంధం లేని చోట్ల కూడా పుట్టగలదు. పైగా ఆ లెక్క కూడా చివరిదాకా కలవదు. మనకు మేనమామ కొడుకు బావ, అంటే పెళ్ళి వరస, అందుకే మామ అనే ఒక్క మాటలో మేనమామా, పిల్లనిచ్చిన మామా ఇద్దరూ ఇమిడిపోయారు. సెనెకాలకు ఆ ఇముడ్చుకోవడం లేదు. మేనమామ పిల్లలకు వేరే పేరుంది కానీ అది పెళ్ళి వరస కాదు. ఇక వంశం సంగతి సరేసరి. మనకు ఇంటిపేరూ గోత్రమూ తండ్రి నుంచి వస్తే వాళ్ళకు గోత్రం తల్లి నుంచి వస్తుంది.

గోత్రం అనే మాటను నేను ఇక్కడ తెలిసే వాడుతున్నాను. మోహాక్‌లలోనూ ఒనైడాలలోనూ ఎలుగుబంటి, తోడేలు, తాబేలు అని మూడు గోత్రాలు. మిగిలిన జాతులలో వీటితో పాటు జింక, బీవర్, కొంగ, డేగ వంటివి మరికొన్ని ఉన్నాయి. తోడేలు గోత్రపు మోహాక్‌కూ తోడేలు గోత్రపు ఒనైడాకూ ఎన్నడూ ముఖపరిచయం లేకపోయినా వాళ్ళు తోబుట్టువుల కిందే లెక్క, వాళ్ళ మధ్య పెళ్ళి కుదరదు. సగోత్రమంటే ఏమిటో మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. కొత్త ఊరికి వెళ్ళినవాడికి ఆ ఊళ్ళోని తన గోత్రపు ఇల్లే తిండీ పడకా చూపిస్తుంది.

ఆ గోత్రానికి పెద్ద గోత్రమాత. సమాఖ్య సభలో కూర్చునే యాభై మంది పెద్దలను ఎంచేది గోత్రమాతలే. పదవి మేనమామ నుంచి మేనల్లుడికో, అన్న నుంచి తమ్ముడికో వస్తుంది గానీ తండ్రి నుంచి కొడుక్కి రాదు, ఎందుకంటే కొడుకు వేరే గోత్రం వాడు. పదవికి గుర్తు దుప్పి కొమ్ములు. పెద్దమనిషి దారి తప్పితే గోత్రమాత మూడుసార్లు హెచ్చరిస్తుంది, అప్పటికీ వినకపోతే కొమ్ములు తీసేస్తుంది. పేర్లు కూడా గోత్రం సొత్తే. ఒక పేరు ఒక మనిషి బతికి ఉన్నంతకాలం ఆ మనిషికి వాడుకకు ఇచ్చినట్టు. పోయాక అది గోత్రమాత దగ్గరకు తిరిగి వచ్చి, మరొక బిడ్డ కోసం ఎదురు చూస్తుంది. తాతగారి పేరు మనవడికి పెట్టుకునే మనకు ఇది సగం అర్థమవుతుంది. మిగతా సగం, అంటే ఆ పేరు తాతది కాదు, అమ్మమ్మ చేతిలోని మూటలోది అనే సంగతి, కాస్త ఆగి ఆలోచిస్తే గానీ అర్థం కాదు.

రక్తం ఒక్కటే చుట్టరికం కాదని కూడా వాళ్ళు పాటించారు. మన తెలుగు సంఘం ఏటా వనభోజనాలకు వెళ్ళే లెచ్‌వర్త్ పార్కులో, వీపున బిడ్డను కట్టుకుని నడుస్తున్న స్త్రీ కంచు విగ్రహం ఒకటి ఉంది. దాని పక్కన నిలబడి ఫోటోలు దిగని తెలుగువారు రోచెస్టర్‌లో అరుదు, ఆమె ఎవరో చదివినవారు ఇంకా అరుదు. ఆమె మేరీ జెమిసన్. 1750లలో పెన్సిల్వేనియాలో బందీగా పట్టుబడిన తెల్లపిల్లను ఇద్దరు సెనెకా అక్కచెల్లెళ్ళు యుద్ధంలో పోయిన తమ తోబుట్టువు స్థానంలో దత్తత తీసుకున్నారు. తర్వాత తిరిగి వెళ్ళే అవకాశం వచ్చినా ఆమె వెళ్ళలేదు. ఆమె సంతానం సెనెకాలుగానే లెక్కకు వచ్చారు, ఆమె వారసులలో ఒకరైన పీటర్ జెమిసన్ చిత్రకారుడిగా పేరు తెచ్చుకోవడమే కాక గనొండగాన్‌ను ఏళ్ళ తరబడి నడిపారు.

ఇలాంటి ఇంటిని ప్రభుత్వాలు ఏం చేశాయో కొంచెం చెప్పక తప్పదు. 1779లో జార్జి వాషింగ్టన్ ఆజ్ఞ మీద జనరల్ సలివన్ సేన ఈ ప్రాంతపు ఊళ్ళను నలభై దాకా తగలబెట్టి, కోతకొచ్చిన మొక్కజొన్నను, పండ్ల చెట్లను నరికేసింది. వాషింగ్టన్‌కు వాళ్ళు ఊళ్ళను నాశనం చేసేవాడనే పేరు పెట్టారు, ఆ తర్వాతి అధ్యక్షులకూ అదే పేరు పదవితో పాటు సంక్రమిస్తూ వచ్చింది. మంటలు ఆరిన తర్వాత జరిగిన నష్టం ఇంకా లోతైనది. మగవాడు దున్నాలి, ఆడది ఇంట్లో ఉండాలి, ప్రతి జంటకూ వేరు ఇల్లు ఉండాలి అని క్వేకర్ అనే క్రైస్తవ శాఖ బోధకులు నచ్చజెప్పారు. 1799లో దర్శనాలు పొంది కొత్త నియమావళి బోధించిన సెనెకా ప్రవక్త హ్యాండ్సమ్ లేక్ కూడా తల్లీకూతుళ్ళ బంధం కన్నా ఆలుమగల బంధానికే ఎక్కువ బరువు ఇచ్చాడు. మార్పంతా బయటివాళ్ళ బలవంతమేనని అనడం సులువు గానీ నిజం కాదు. చితికిపోయిన జనం నిలదొక్కుకోవడానికి తామే కొన్ని గోడలు మార్చుకున్నారు.

కెనడా చేసింది మాత్రం అచ్చమైన బలవంతమే. 1876 నాటి ఇండియన్ చట్టం వంశాన్ని తండ్రి వైపు తిప్పేసింది. బయటివాడిని పెళ్ళాడిన ఆడపిల్ల చట్టరీత్యా ఇండియన్ అనే తన హోదా కోల్పోయేది, బయటి స్త్రీని పెళ్ళాడిన మగవాడి భార్యకు మాత్రం ఆ హోదా వచ్చేది. తల్లే గోత్రమైన చోట తల్లినే పరాయిదాన్ని చేసిన చట్టమిది. కానవాగేకు చెందిన మేరీ టూ-యాక్స్ అర్లీ దీని మీద ఇరవై ఏళ్ళ పాటు పోరాడింది. 1985లో చట్టం మారి, పోయిన హోదా తిరిగి పొందిన మొదటి స్త్రీ ఆమే అయింది. అప్పటికి ఆమె వయసు డెబ్బై దాటింది. గ్రాండ్ రివర్‌లో 1924లో గోత్రమాతలు ఎంచిన పెద్దల సభను కెనడా తొలగించి ఎన్నికల సభను పెట్టింది, ఆ ఎన్నికలలో ఆడవాళ్ళకు ఓటు రావడానికి 1951 దాకా ఆగవలసి వచ్చింది.

ఈ తలకిందుల లెక్క ఒక కళాకారిణి బతుకులో ఎలా కనబడుతుందో చూడండి. 1861లో గ్రాండ్ రివర్‌లో పుట్టిన పాలీన్ జాన్సన్ ప్రసిద్ధ కవయిత్రి. తండ్రి మోహాక్ పెద్ద, తల్లి ఇంగ్లీషు స్త్రీ. కెనడా చట్టం ప్రకారం ఆమె మోహాక్. పొడవింటి ధర్మం ప్రకారం తల్లికి గోత్రం లేదు కనుక ఆమెకూ లేదు. ఆమె వేదిక మీద సగం కార్యక్రమం తోలు దుస్తులలో, మిగిలిన సగం ఇంగ్లీషు గౌనులో నడిపేది. దాన్ని కేవలం ప్రదర్శన చమత్కారంగా చూసినవారు ఉన్నారు. నాకు మాత్రం అందులో రెండు లెక్కల మధ్య నిలబడిన మనిషి కనబడుతుంది.

పిల్లలను తల్లుల నుంచి విడదీసిన బడులు అన్నిటికన్నా పెద్ద దెబ్బ. బ్రాంట్‌ఫర్డ్‌లోని మోహాక్ ఇన్‌స్టిట్యూట్ 1970 దాకా నడిచింది. పూటపూటా పెట్టిన జావ కారణంగా పిల్లలు దానికి జావగుంట అని పేరు పెట్టుకున్నారు. కాటరాగస్‌లోని థామస్ ఇండియన్ స్కూల్ 1957లో మూతపడింది. సొంత భాష నోట రానివ్వని ఇలాంటి చోట్ల పెరిగిన పిల్ల ఇంటికి తిరిగి వచ్చేసరికి, ఆమెకు అమ్మమ్మ మాటలు రావు. అమ్మమ్మ మాటలు రాకపోతే అమ్మమ్మ చేతిపని సగమే వస్తుంది. ఆ భాషల గురించి ఒక ముచ్చట చెప్పి ముందుకు వెళతాను. మోహాక్ భాషలో ప, బ, మ అనే హల్లులు లేవు. మన అవధానంలో పృచ్ఛకుడు నిరోష్ఠ్యం అడిగితే అవధాని తడుముకుంటాడు గానీ మోహాక్ పసిపిల్ల పుట్టుకతోనే పవర్గం లేకుండా మాట్లాడుతుంది. అమ్మను పెదవులు కలపకుండానే ఇస్తా అని పిలుస్తుంది. ఆ పిలుపు నిలవాలని 1979లో తల్లిదండ్రులే పూనుకుని అక్వెసస్నే అనే మోహాక్ ఊళ్ళో ఒక స్వేచ్ఛా పాఠశాల పెట్టి, అన్ని మాటలకన్నా ముందు చెప్పే కృతజ్ఞతా వచనం చుట్టూ పాఠాలు అల్లుకున్నారు. నేలకు, నీళ్ళకు, గడ్డికి, పండ్లకు, గాలులకు, సూర్యచంద్రులకు వరసగా కృతజ్ఞత చెప్పుకుంటూ పోయే ఆ వచనంలో చంద్రుడు అమ్మమ్మ, ఉరుములు తాతలు, భూమి తల్లి. అక్కడ కూడా వరసలే.

ఇప్పుడు పూసల దగ్గరకు వస్తాను. సిరక్యూజ్‌లో ఏటా వేసవి చివర జరిగే స్టేట్ ఫెయిర్‌లో ఆరు జాతుల వాళ్ళకు ప్రత్యేకమైన ఆవరణ ఒకటి ఉంది. అక్కడ ఒక పెద్దావిడ దుకాణం ముందు అమ్మ ఆగిపోయింది. అరచేతిలో పట్టేంత సూదుల దిండు, ఊదారంగు మఖమలు గుడ్డ మీద తెల్లని గాజుపూసలతో పక్షి, చుట్టూ ఆకులు. అమ్మ తన కాలంలో ఊరందరికీ రవికెలు కుట్టిపెట్టిన మనిషి, మగ్గం వర్క్ అనే పేరు పుట్టకముందే పూసలు కుట్టిన చెయ్యి. ఆమె దాన్ని తిప్పి చూసి, వేలితో మెల్లగా నొక్కి, పూసలు గుడ్డకు అంటుకుని లేవని, కమాను వంపులో పైకి లేచి ఉన్నాయని గమనించింది. ఆ పెద్దావిడ అది చూసి, సూదీ దారం తీసి, చేసి చూపించింది. ముందు కాగితాన్ని ఆకు ఆకారంలో కత్తిరించి గుడ్డ మీద పెడతారు. కాగితం వెడల్పుకు ఐదు పూసలు చాలుననుకుంటే, దారానికి ఏడో ఎనిమిదో ఎక్కించి అవతలి అంచున సూది దించుతారు. చోటు చాలక పూసల వరస విల్లులా వంగి పైకి లేస్తుంది. అలా వరస పక్కన వరస వేసుకుంటూ పోతే ఆకు ఉబ్బి, వెలుగు పడితే తడిసినట్టు మెరుస్తుంది. వాళ్ళిద్దరికీ ఉమ్మడిగా ఒక్క భాష లేదు. ఇరవై నిమిషాల పాటు నా అవసరం ఎవరికీ కలగలేదు.

ఈ ఉబ్బెత్తు పూసల పనికి ఒక ముచ్చటైన, కొంత బాధాకరమైన చరిత్ర ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో నయాగరా జలపాతం చూడడానికి వచ్చే సందర్శకులకు టస్కరోరా స్త్రీలు జలపాతం పక్కనే కూర్చుని సూదుల దిండ్లు, చేతిసంచులు, బూటు ఆకారపు బొమ్మలు అమ్మేవారు. మీద పూసలతోనే ఏడాదీ ఊరి పేరూ రాసేవారు. లోపల కూర్చేది రంపపు పొట్టు. విక్టోరియా కాలపు ఇళ్ళలో అవి గోడలకు వేలాడాయి. సేకర్తలు చాలాకాలం వీటిని అసలు కళ కాదని, పర్యాటకుల కోసం చేసిన చిల్లర సరుకని తీసిపారేశారు. నాకు ఈ మాట మీదే పేచీ ఉంది. భూమి పోయి, వేట పోయి, మగవాళ్ళు కూలికి వెళ్ళిన కాలంలో ఇంటిల్లిపాదికీ తిండి పెట్టింది ఆ చిల్లర సరుకే. కొనేవాళ్ళ అభిరుచికి తగినట్టు ఆకారం మార్చుకుంటూనే, కుట్టును మాత్రం తల్లి నుంచి కూతురికి, పిన్ని నుంచి అక్క కూతురికి అందిస్తూ పోయారు. అమ్ముడుపోయిన కళ అపవిత్రమైందనే వాదం ఆకలి ఎరగని వాళ్ళు చేసే వాదం.

అమ్మకానికి కాని పనులు కూడా ఉండేవి. ఈలీ పార్కర్ చెల్లెలు కారొలైన్ పార్కర్ కుట్టిన దుస్తులను మోర్గన్ న్యూయార్క్ రాష్ట్ర సంగ్రహం కోసం తీసుకున్నాడు. ఆ కాలపు లంగాల అంచుల్లో కనబడే పనిని జాగ్రత్తగా చూస్తే, వరసగా అర్ధచంద్రాకారపు గుమ్మటాలు, ఒక్కో గుమ్మటం మీద రెండు వైపులా వంకీలు తిరిగిన మొలక కనబడతాయి. గుమ్మటం ఆకాశం, మొలక ఆకాశంలోని చెట్టు. ఆ చెట్టు వేళ్ళు పెళ్ళగిలిన కంతలోంచి ఒక నిండు గర్భిణి కిందికి పడింది. పక్షులు రెక్కల మీద ఆమెను మోశాయి, తాబేలు వీపు ఇచ్చింది, నీటి అడుగు నుంచి ఒక జంతువు పిడికెడు మట్టి తెచ్చింది, ఆ మట్టే నేల అయింది. ఆమె కూతురి దేహం నుంచే పంటలు మొలిచాయి. మనకు వెంటనే కూర్మావతారం గుర్తుకు రావచ్చు, అయినా ఆ పోలికను నేను ముందుకు లాగను. మనుషులకు మొదలు తల్లి, ఆమె తర్వాత ఆమె కూతురు, ఆ వంశక్రమం ఆడవాళ్ళ దుస్తుల అంచుల్లో తరతరాలుగా తిరుగుతోందన్నదే నాకు ముఖ్యం.

వాంపమ్ పట్టీలు మరో కోవకు చెందినవి. సముద్రపు గుల్ల నుంచి తీసిన తెల్లని, ఊదా రంగు పూసలను అల్లిన ఆ పట్టీలు నగలు కావు, డబ్బూ కావు. అవి మాట ఇచ్చినందుకు సాక్ష్యం, వాటిని చేతబట్టి చదివి వినిపించేవాళ్ళు ఉంటేనే అవి మాట్లాడతాయి. అటువంటి పట్టీలు పన్నెండింటిని ఆల్బనీలోని రాష్ట్ర మ్యూజియం దశాబ్దాల పాటు తన దగ్గరే ఉంచుకుని 1989లో ఆనన్‌డాగాలకు తిరిగి ఇచ్చింది. ఇక బుట్టల సంగతి. అక్వెసస్నేలో బ్లాక్ యాష్ చెట్టు దుంగను గొడ్డలి వెనక వైపుతో గంటల తరబడి మోదితే, ఏడాదికొక పొర చొప్పున పట్టీలుగా ఊడివస్తుంది. దానితో సువాసన గడ్డి కలిపి అల్లుతారు. 2002లో మిషిగన్‌లో బయటపడిన ఒక పచ్చని పురుగు ఆ చెట్లను తొలుచుకుంటూ తూర్పుకు వచ్చింది. ఇప్పుడు అక్వెసస్నే వాళ్ళు చెట్ల విత్తనాలు ఏరి దాస్తున్నారు. మనవరాలికి అల్లిక నేర్పడంతో సరిపోదు, ఆమె మనవరాలి కోసం చెట్టును కూడా దాచాలి.

మగవాళ్ళ మాట పూర్తిగా వదిలేస్తే అన్యాయం అవుతుంది. లాక్రాస్ అనే వాళ్ళ ఆటకు కర్రలు వంచే చేతులు వాళ్ళవే, న్యూయార్క్ ఆకాశహర్మ్యాల ఇనుప దూలాలు బిగించినవారిలో కానవాగే మోహాక్‌లు ఎందరో. 1907లో క్విబెక్ వంతెన కూలినప్పుడు ఒక్క కానవాగే నుంచే 33 మంది పోయారు. ఆ తర్వాత మగవాళ్ళందరూ ఒకే పనిచోటుకు వెళ్ళడానికి వీల్లేదని, విడివిడిగా వెళ్ళాలని ఊరి ఆడవాళ్ళు పట్టుబట్టారని నేటికీ చెప్పుకుంటారు. ఎవరు ఎక్కడ పనిచేయాలో నిర్ణయించింది అక్కడా ఇంటి పెద్దామెలే.

ఇక మన సంగతి, ముందుగా నా తప్పు. చాలా ఏళ్ళ కిందట ఒక సంక్రాంతి వేడుకలో పిల్లల విచిత్ర వేషధారణకు నేను న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. తలచుట్టూ రంగురంగుల ఈకలు పెట్టుకుని, చేతిలో అట్ట గొడ్డలి పట్టుకుని ఒక బాబు వచ్చాడు. హాలంతా చప్పట్లు కొట్టింది, నేను మొదటి బహుమతి ఇచ్చాను. ఆ ఈకల కిరీటం పడమటి మైదానాల జాతులది. ఈ నేల మీద వాళ్ళు ధరించేది గస్తోవే అనే టోపీ, దాని మీద నిలబెట్టిన ఈకల సంఖ్యను బట్టి జాతి తెలుస్తుంది. మోహాక్‌కు నిటారుగా మూడు, సెనెకాకు నిటారుగా ఒకటి. మన నుదుటి బొట్టు తీరు చూసి మనవాళ్ళు చాలా చదివినట్టే ఇది. నేను ఆ రోజు దాన్ని చదవలేనివాడిగా బహుమతి పంచాను.

ఈ మధ్య మన సభల్లో దీపం వెలిగించే ముందు, ఇది ఫలానా వారి నేల అని రెండు ఇంగ్లీషు వాక్యాలు చదవడం మొదలైంది. చదివేవారికి ఆ పేరు పలకడం రాదు, వినేవారు అప్పటికి టిఫిన్ల వరసలో ఉంటారు. దాన్ని మానేయమని నేను అనను గానీ, అంతటితో సరిపెట్టుకోవద్దని అంటాను. తెలుగు బడిలో వరసల పాఠం చెప్పే రోజున నల్లబల్ల మీద పెద్దమ్మ, మేనత్త పక్కన సెనెకా మాటలు కూడా రాస్తే, ఆంటీ అనే గంపగుత్త మాట మన రెండు భాషలకూ ఎంత నష్టం చేస్తుందో పిల్లలకు ఒక్క గంటలో బోధపడుతుంది. గనొండగాన్‌కు పిల్లలను తీసుకువెళ్ళాలి. ఉగాది కానుకలు కొనేటప్పుడు ఒక్క ఏడాదైనా వాళ్ళ చేతిపని బేరమాడకుండా కొనాలి. ఎవరినైనా మన వేదిక మీదకు పిలిస్తే, మన నాట్యాచార్యులకు ఇచ్చినట్టే సంభావన ఇచ్చి, ఏం చూపించాలో వాళ్ళనే నిర్ణయించుకోనివ్వాలి. అన్నీ చూపించడానికి కావు. వైద్యానికి సంబంధించిన కొయ్య ముఖాలను ప్రదర్శించవద్దని, అమ్మవద్దని, ఫోటోలు కూడా వేయవద్దని సమాఖ్య మహాసభ బాహాటంగా కోరింది. చూడకుండా ఊరుకోవడం కూడా ఒక మర్యాద, గర్భగుడి తెర వేసినప్పుడు తొంగిచూడని మనకు అది కొత్త కాదు.

అమ్మ తిరుగు ప్రయాణానికి వారం ముందు, నవంబరు 11న, కానన్‌డేగ్వా వెళ్ళాం. 1794లో ఆ రోజున ఆ ఊళ్ళో అమెరికాకూ ఆరు జాతులకూ సంధి కుదిరింది. ఆ సంధికి గుర్తుగా వాషింగ్టన్ చేయించిన పట్టీ మీద పదమూడు మంది మనుషులు చేతులు పట్టుకుని వరసగా నిలబడి ఉంటారు, నడుమ ఒక ఇల్లు ఉంటుంది. ఏటా 4,500 డాలర్ల విలువైన సరుకు శాశ్వతంగా ఇస్తామని ఆ సంధిలో రాశారు. ఆ సంధి ఉండగానే 1960లలో కిన్‌జువా ఆనకట్ట కట్టి సెనెకాల ఊళ్ళను ముంచారు. అయినా ఆ మొత్తానికి వచ్చే బట్ట మాత్రం ఈనాటికీ వస్తూనే ఉంది. జనం పెరిగారు, ధరలు పెరిగాయి, అంకె మారలేదు, కనుక ఒక్కొక్కరికి వచ్చే ముక్క చిన్నదైపోయింది. దాని బదులు ఒక్కసారి డబ్బు పుచ్చుకుని ముగించుకోవడానికి వాళ్ళు ఒప్పుకోలేదు, బట్ట వస్తున్నంతకాలం సంధి బతికి ఉన్నట్టే అంటారు.

కోర్టు ముందు పచ్చికలో, చలిలో, శాలువా కప్పుకుని నిలబడి అమ్మ ఇదంతా నా ద్వారా విన్నది. పుట్టింటివాళ్ళు ఒట్టి రవికె గుడ్డ పెట్టినా కళ్ళకద్దుకుని తీసుకోవాలిట, వద్దంటే రాకపోకలు ఆగిపోతాయిట. వచ్చేటప్పుడు కారులో చాలాసేపు మాట్లాడలేదు. ఊరు దగ్గర పడుతుండగా, ఆ బట్ట పన్నా ఎంత ఉంటుందని అడిగి, ఒక్కొక్కరికి వచ్చే ముక్కలో రవికె అవుతుందో చేతులు తక్కువ పడతాయో వేళ్ళ మీద లెక్క వేసుకోవడం మొదలుపెట్టింది.